మురికి కనపడని రంగు

అనంతమ్మకు వాసన తెలియదన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. కరోనా వచ్చిన ఏడు ఆమె భర్త సాంబమూర్తిని తీసుకుపోయింది, పోతూ పోతూ ఆమె ముక్కును కూడా పట్టుకుపోయింది. భర్త కోసం అందరి ముందూ ఏడ్చింది. ముక్కు కోసం ఎవరి ముందు ఏడుస్తుంది? మనిషి పోయిన ఇంట్లో ముక్కు గురించి మాట్లాడితే నలుగురూ నవ్వరూ? అందుకని ఊరుకుంది. ఊరుకోగా ఊరుకోగా అది ఇక చెప్పలేని సంగతి అయిపోయింది. కూర మాడితే పొగ చూసి దింపేది. పాలు విరిగాయేమోనని అనుమానం వస్తే నాలుక మీద చుక్క వేసుకునేది. పక్కింటామె చారు తెచ్చి ఇంగువ ఘుమఘుమలాడుతోందా అని అడిగితే, ఊరంతా వస్తోందని చెప్పి పంపేది.

కోడలు సునంద కూడా కనిపెట్టలేదు. కనిపెట్టే తీరిక ఆ పిల్లకు ఎక్కడిది? కొడుకు సంపత్ మణుగూరు వైపు బొగ్గు టిప్పర్ నడుపుతాడు, వారానికోసారి ఇంటికి వస్తే గొప్ప. ఇల్లు, పొయ్యి, పాకే పిల్ల జ్యోత్స్న, అన్నీ అత్తాకోడళ్ల మీదే. దానికి తోడు ఈసారి మిరప కల్లాలు మొదలవగానే సునంద మళ్లీ పనికి పోతానంది. గోదావరి పక్క పొలాల్లో కాయ కోసి కల్లంలో ఎండబోసిన తర్వాత, మంచి కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరాలి. ఆ పని చేసే ఆడవాళ్ల ముఠాకు రామక్క పెద్ద. రామక్కకు మోకాళ్లు పట్టేశాయి. వచ్చే ఏడు నుంచి ముఠాను సునందకు అప్పజెబుతానని అందరి ముందూ అంది, కానీ ఈ సీజన్ అంతా తన పక్కనుండి పని చూసుకోవాలంది. పిల్ల పుట్టాక సునంద ముఖంలో అంత వెలుగు అనంతమ్మ అప్పుడే చూసింది. పిల్లను నేను చూసుకుంటాను, నువ్వు పో అని తనే ముందుగా అంది. ఆ మాట అన్నందుకు లోపల గర్వపడింది కూడా. ముసలితనంలో ఒకరికి అవసరం పడటం చిన్న విషయమేమీ కాదు.

కల్లానికి పోవాలంటే ముందు తలగుడ్డలు కావాలి. మిరపదుమ్ము పాపిట్లో పడిందంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. అందుకని ఇద్దరూ పిల్లను చంకనేసుకుని భద్రాచలంలో ఆజం బట్టల దుకాణానికి పోయారు. ఆజం గల్లాలో కూర్చుంటాడు గానీ, గుడ్డ సంగతి తెలిసింది ఆయన బిడ్డ ఇరమ్‌కే. తానులోంచి ముక్క కోసి, అంచులు కుట్టి, చేతిలో పెడుతుంది. ఈ కాలం పిల్లలు వీటిని బండానాలంటారట, ఫోన్లో చూసి వచ్చి పువ్వులవి అడుగుతారట. అనంతమ్మ పువ్వుల జోలికి పోలేదు. గుడ్డను పిడికిట్లో నలిపి వదిలింది, ముడత నిలిచింది. తడి వేలు ఆనించింది, తడి వెంటనే పీల్చుకుంది. నూలే. అయినా ఇరమ్ వదలకుండా ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించి ఆమె ముక్కు దగ్గర పెట్టింది.

"చూడు పెద్దమ్మా, కాగితం కాలిన వాసన. నైలాన్ గలిస్తే ప్లాస్టిక్ వాసనొస్తది."

"అవ్, కాగితం వాసనే," అంది అనంతమ్మ, తొణక్కుండా.

తర్వాత రంగు దగ్గర చర్చ వచ్చింది. కల్లానికి తెలుపు మంచిదని ఇరమ్ అంది. దుమ్ము పడితే కనపడుతుంది, ఉతికాక పోయిందో లేదో తెలుస్తుంది అంది. సునంద తెల్లగుడ్డ అందుకోబోయింది కూడా. అనంతమ్మకు అది నచ్చలేదు. తెల్లగుడ్డను కల్లంలో వేసుకుంటే ఎన్నిసార్లు ఉతికి చస్తారు? ఎరుపైతే మిరపదుమ్ము పడ్డా మురికి కనపడదు కదా అంది. పెద్దామె మాట కాదనడం ఎందుకని సునంద రెండు ఎర్రవి తీసుకుంది. దుకాణంలో నెగ్గిన మాట ఎంత దూరం వస్తుందో ఆ పూట ఎవరు చెప్పగలరు?

ఇంటికి వచ్చి ఆ రెండింటినీ ఉప్పునీళ్లలో నానబెట్టి రంగు నిలిపింది సునంద. తొలిరోజు అత్తే దగ్గరుండి కట్టింది. గుడ్డను మూల మీద మూల వచ్చేలా మడిచి, కనుబొమల మీదికి దించి, చెవులు కప్పి, ముడి జడ కిందికి వచ్చేలా. ముడి నడినెత్తిన పడితే పొద్దెక్కేసరికి తలనొప్పి ఖాయం. కల్లం గుడ్డకు ఇంకో మర్యాద కూడా ఉంది. దాన్ని ఇంట్లోకి తేకూడదు, ఇంటి బట్టల్లో కలపకూడదు. పెరటి గోడకు మేకు కొట్టి అక్కడ తగిలించాలి. తీరిక రోజున గాలి వాలు చూసి దులిపి, పుల్లమజ్జిగలో నానబెట్టి, కుంకుడు రసంతో విడిగా ఉతకాలి. ఇదంతా అనంతమ్మ వయసులో ఉండగా చేసిందే, కోడలికి నేర్పిందీ ఆమే.

సునంద పొద్దున్నే ఆటో ఎక్కేది. ఎక్కేముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి, ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి ఇంటివైపు చూస్తూనే ఉండేది. ఆ చూపు అనంతమ్మకు గుచ్చుకునేది. నామీద అంత నమ్మకం లేదా అని మనసులో సణుక్కునేది. తల్లి ప్రాణం అలాగే ఉంటుందని ఆమెకు తెలియక కాదు, అయినా గుచ్చుకునేది.

పిల్ల ఏమో పగలు నిద్రపోయేది కాదు. పాలు తాగుతుంది, ఆడుతుంది, కళ్లు మూతలు పడగానే తల్లి కోసం వెతికి ఏడుపు అందుకుంటుంది. ఊయల ఊపీ ఊపీ అనంతమ్మ భుజం పడిపోయింది. చంటిపిల్ల తల్లి కోసం బెంగపడితే తల్లి విడిచిన గుడ్డ ఒకటి పక్కలో వేయడం ఆ ఊళ్లలో మామూలే. తల్లి వాసన తగిలితే పిల్ల సర్దుకుంటుంది. అయితే సునందకు శుభ్రం పిచ్చి. కల్లం నుంచి రాగానే పెరట్లోనే స్నానం చేసి, చేతులకు నూనె, పిండి పెట్టి మోచేతులదాకా రుద్దుకుని, తలగుడ్డ తప్ప విడిచిన బట్టలన్నీ అప్పుడే ఉతికి ఆరేసి గానీ పిల్లను ముట్టదు. ఇంట్లో ఆమె విడిచి ఉతకని గుడ్డ అంటూ ఒక్కటీ దొరకదు.

ఆ రోజు పిల్ల ఎంతకీ ఊరుకోలేదు. చేతులు చాచి గుమ్మం వైపు చూస్తూ ఎక్కిళ్లు పెట్టింది. అనంతమ్మ ఇల్లంతా వెతికింది, పెరట్లోకి వెళ్లింది. మేకుకు రెండో ఎర్రగుడ్డ వేలాడుతోంది. ఉతికి తగిలించిందో, విడిచి తగిలించిందో చూస్తే తెలియదు, చూసినా దుమ్ము కనపడే రంగు కాదది. ఒకప్పుడైతే ఏ గుడ్డనైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఏళ్లుగా ఆ అలవాటు పోయింది. సునంద తీరిక రోజున ఉతుకుతుంది, ఆ రోజు నిన్ననే పోయింది, కాబట్టి ఇది ఉతికిందే అయి ఉంటుందనుకుంది. ఉతికినా రోజంతా తలకు అంటుకుని ఉండే గుడ్డ, తల్లి వాసన ఎక్కడికి పోతుంది? నిన్న పిల్లకు కాస్త ఒళ్లు వెచ్చబడిందని సునంద ఏ పనీ పెట్టుకోలేదన్న మాట ఆ గాభరాలో తట్టలేదు. గుడ్డ తీస్తుంటే ఒక తుమ్ము వచ్చింది. జలుబు చేసేలా ఉందనుకుంది. మెత్తగా మడిచి ఊయల్లో పిల్ల చెంప కింద పెట్టింది.

పిల్ల గుడ్డలో ముఖం దాచుకుంది. అమ్మయ్య అనుకునేలోపు కేకపెట్టింది.

అది ఆకలి ఏడుపు కాదు, బెంగ ఏడుపూ కాదు. చెంప కందిపోయింది, ఒక కన్ను మూసుకుపోయి వాచింది. అనంతమ్మ పిల్లను ఊయల్లోంచి ఎత్తుకుంది. నీళ్లతో ముఖం కడిగింది, మంట ఇంకా పాకినట్టు పిల్ల గిలగిలలాడింది. పక్కింటామె వచ్చి ఇది దిష్టేనని తేల్చి ఉప్పు తిప్పింది. పురుగేదో కుట్టిందేమోనని అనంతమ్మ ఊయలంతా దులిపింది, దులిపిన ఎర్రగుడ్డనే నడుముకు చెక్కుకుని కోడలికి ఫోన్ చేసింది. సునంద కల్లం నుంచి కల్లం బట్టల్లోనే ఆటోలో వచ్చి పడింది. స్నానం చేసే టైమెక్కడ? పిల్లను ముట్టలేక, ముట్టకుండా ఉండలేక, చేతులు వెనక్కి పెట్టుకుని ఏడ్చింది. పిల్లను అత్తే ఎత్తుకుంది, ఇద్దరూ భద్రాచలం దవాఖానాకు పోయారు.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పిల్ల కన్ను మందునీళ్లతో చాలాసేపు కడిగింది, చెంపకు నూనె రాసి తుడిచింది, చుక్కలు వేసింది. చూపుకు ఏమీ కాలేదని, చీకటి పడేలోపు వాపు దిగుతుందని చెప్పింది. ఏదో ఘాటు తగిలిందని, ఇంట్లో మిరపకాయలు ముట్టేవాళ్లు ఎవరని అడిగింది. సునంద, బడిలో తప్పు చేసిన పిల్లలా, చెయ్యి ఎత్తింది. డాక్టరమ్మ కోప్పడలేదు. చేతులు బాగా కడుక్కుని పాలివ్వమ్మా అని మాత్రం అంది. కోప్పడినా బాగుండేది.

బయట వరండా బల్ల మీద పిల్ల నిద్రపోయింది. అనంతమ్మకు అప్పుడు కన్నీళ్లు వచ్చాయి. నడుముకున్న గుడ్డ కొస లాగి కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న మరుక్షణం రెండు కళ్లూ భగ్గుమన్నాయి.

ఆమెకు అంతా అర్థమైంది. కళ్లు మండుతున్నా కిక్కురుమనలేదు. గుడ్డను గట్టిగా మడిచి సంచి అడుగున తోసేసింది. కళ్లు ఎర్రబడితే ఏడ్చినందుకే అనుకుంటారులే అనుకుంది. సునంద అలాగే అనుకుంది కూడా, అత్త భుజం మీద చెయ్యి వేసి ఓదార్చింది. ఆ చెయ్యి కింద అనంతమ్మ ముడుచుకుపోయింది.

బస్టాండుకు నడిచి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఊరి బస్సుకు ఇంకా టైముంది. చేతుల తోలు ఊడేదాకా రుద్దుకున్నా ఘాటు పోలేదేమోనని సునంద అంది. పొద్దున తన ఒళ్లోనే కదా పిల్ల పాలు తాగింది అంది. కల్లంలో పొద్దంతా ఘాటు పీల్చే మనిషి పాలల్లోకి కూడా ఆ ఘాటు దిగుతుందేమో, ఎవరు చూశారు అంది. నేను పిల్లకు విషం పడుతున్నానేమో అని తన చేతులు తను చూసుకుంది. కాసేపటికి ఏడుపు ఆపుకుని, ఇక కల్లం వద్దని, ముఠా ఇంకెవరికైనా అప్పజెప్పమని రామక్కకు చెబుతానని ఫోన్ తీసింది.

అనంతమ్మ లోపల ఒక గొంతు, ఊరుకో అంది. ఊరుకుంటే ఏమవుతుంది? కోడలు ఇంటి పట్టున ఉంటుంది, పిల్ల కళ్లముందే ఉంటుంది, తన ముక్కు సంగతి తనతోనే ఉంటుంది. చెబితేనో? మసాలా మాడినా తెలియని ముసలిదాని చేతిలో చంటిపిల్లను ఏ తల్లి పెడుతుంది? పెనుబల్లిలో సునంద తల్లి ఎప్పుడెప్పుడా అని ఉంది, రేపే వచ్చి పిల్లను ఎత్తుకుపోతుంది. పిల్ల లేని ఆ ఇంట్లో పగలంతా ఏం చేస్తుంది తను? పోయిన మనిషి ఫోటో చూస్తూ కూర్చుంటుందా? అనంతమ్మకు భయం వేసింది. పక్కన సునంద తన చేతులను ఒడిలోంచి తీసి, పిల్లకు తగలకుండా దూరంగా బల్ల చివర పెట్టుకుంది. ఆ చేతులను చూడటం అనంతమ్మ వల్ల కాలేదు.

"ఫోను ఆపు బిడ్డా," అంది.

సునంద తలెత్తింది.

"నీ పాలు గాదు. నీ చేతులు గాదు. నేనే జేసిన." సంచి అడుగునుంచి ఎర్రగుడ్డ తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. "పండుకుంటలేదని మేకుకున్నది దెచ్చి పిల్ల చెంప కిందేసిన. ఉతికిందనుకున్న. నీ వాసనకు పండుకుంటదని ఏసిన."

సునంద గుడ్డను చూసింది, అత్తను చూసింది. గుడ్డను కొద్దిగా ముఖం దగ్గరికి తెచ్చిందో లేదో వరసగా తుమ్మింది. పక్క బల్ల మీది మనిషి కూడా తుమ్మి లేచి దూరం జరిగాడు.

"అత్తమ్మా, ఇది గింత ఘాటుంటే నీకు తెల్వలేదా?"

"నాకు వాసన దెల్వది బిడ్డా. మీ మామ పోయినప్పటి సంది దెల్వది. ఎవ్వలకు జెప్పలే."

ఊరి బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. సునంద కదల్లేదు. ఇక తిట్లు మొదలవుతాయని అనంతమ్మ తల దించుకుని సిద్ధపడింది. తిట్టనీ, దానికి ఆ హక్కుంది అనుకుంది.

"నా పాలు గాదు గదా," అంది సునంద. "నా పాలు మంచియే గదా అత్తమ్మా."

"మంచియే బిడ్డా. నీ పాలకు ఏమైతది."

సునంద ముఖం రెండు చేతుల్లో పెట్టుకోబోయి, ఆ చేతులు గుర్తొచ్చి, మోచేతుల మధ్య తల దూర్చి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. పొద్దున్నుంచి గుండెల మీద కూర్చున్న బండ ఏదో దిగిపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. బస్సు వీళ్లకోసం కాసేపు చూసి వెళ్లిపోయింది. అనంతమ్మకు ఏమీ అర్థం కాలేదు. నేరం ఒప్పుకుంటే ఎదుటి మనిషికి ఇంత హాయిగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తనకు కూడా హాయిగానే ఉందని కాసేపటికి తెలిసింది.

తిట్లు రాకపోలేదు, కాస్త ఆలస్యంగా వచ్చాయి. ఇన్నేళ్లు దాచిపెడతావా, గ్యాసు లీకైతే ఏమయ్యేది, చారు బాగుందని చెప్పినవన్నీ అబద్ధాలేనా అని సునంద వరసగా అడిగింది. చారు సంగతి మాత్రం నాలుక చెప్పిందని అనంతమ్మ వాదించింది. పెనుబల్లి మాట సునంద ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని అనంతమ్మ ప్రతి మాట చివరా భయపడుతూనే ఉంది.

తర్వాతి బస్సుకు చాలా టైముంది. సునంద బస్టాండు కుళాయి దగ్గర సబ్బు అడిగి తీసుకుని చేతులు రుద్దుకుంది, చున్నీ శుభ్రంగా ఉన్న వైపు తిప్పుకుంది, ఆజం దుకాణం వైపు దారి తీసింది. పిల్లను ఎత్తుకుని అనంతమ్మ వెనకాల నడిచింది. తెల్లనూలు కావాలని సునంద అడిగితే ఇరమ్ ఒకసారి అనంతమ్మ వైపు చూసి తెల్ల తాను దించింది. అలవాటు ప్రకారం పోగు లాగి వెలిగించి పెద్దామె ముక్కు దగ్గర పెట్టింది.

"నాకు తెల్వది బిడ్డా," అంది అనంతమ్మ. "ఆమెకు సూపియ్యి."

సునంద వాసన చూసి తలూపింది. కల్లానికి రెండు తెల్లవి, విడిగా ఇంకొకటి కుట్టమంది. ఆ మూడోది ఎందుకని అనంతమ్మ అడిగింది. ఇంటికి పోయాక చెబుతానంది సునంద.

ఇంటికి వచ్చాక చెప్పలేదు. తలంటుకుంది, తల ఆరాక ఆ మూడో గుడ్డను తలకు కట్టుకుంది. దాన్ని కట్టుకునే వంట చేసింది, పాలిచ్చింది, పడుకుంది. వాపు దిగిన పిల్ల ఒక కన్ను కొంచెం చిన్నది చేసుకుని ఆ తెల్లగుడ్డను పట్టి లాగుతూ ఆడింది. పక్క గదిలో అనంతమ్మ మాత్రం నిద్రపోలేదు. రేపు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు కదా.

పొద్దున ఆటో హారన్ వినబడేసరికి అనంతమ్మ పిల్లతో గుమ్మంలో ఉంది. సునంద తయారై వచ్చింది. కల్లం గుడ్డ, కొత్త తెల్లది, సంచిలో పెట్టుకుంది. తలకున్న గుడ్డ ముడి విప్పి, మడత పెట్టి, అత్త చేతిలో పెట్టింది.

"ఇది పిల్ల పక్కన ఎయ్యి," అంది. "రోజూ రాత్రి కట్టుకుని పొద్దున నీకిస్త. మేకు దగ్గరికి పోకు."

అనంతమ్మ ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ఇంకా వెచ్చగా ఉంది, అంతే. చంకలోని పిల్ల తన ముఖాన్ని అందులోకి దూర్చి, నిన్నటి ఏడుపంతా మరిచిపోయి, చప్పరించడం మొదలుపెట్టింది.

సునంద ఆటో ఎక్కింది. రామక్క జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఏదో పని మాట మాట్లాడుకుంటుండగా ఆటో కదిలింది. అనంతమ్మ మలుపు దాకా చూస్తూ నిలబడింది. సునంద ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.